తొమ్మిది నిమిషాలు ఎందుకాగాలి

రండి, ఇటు జరగండి. ఆ గడప మీద కూర్చున్నాయన కాస్త లోపలికొస్తే వెనకవాళ్ళకి చోటుంటుంది. గుసగుసలు ఆపండి, ఫోన్లు బోర్లా పెట్టండి. నేను చెప్పేదాంట్లో నాలుగోవంతు కోతలేనని ఈ వీధిలో అందరికీ తెలుసు, నేనెప్పుడూ దాచలేదు. కానీ ఈ కథలో ఏది కోతో ఏది నిజమో నా కూతురు పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరింది. మిగిలిందే చెప్తా.

ఆ ఎండాకాలం నాకొచ్చిన కోపం మీద నీళ్ళు కాచుకోవచ్చు. ఇప్పటికీ చల్లారలేదు, కావాలంటే చెయ్యి పెట్టి చూడండి.

నేను మోటార్లు చుడతాను. కాలిపోయిన మోటారు తెస్తే లోపల మాడిన రాగి తీగ పెరికేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఆరబెట్టి ఇస్తాను. బడి ఎక్కింది ఒక్కసారే, అదీ పైకప్పు మీదకి, రేకులు సరిచేయడానికి. సంతకం రాదు. వేలిముద్ర వేద్దామంటే వార్నిష్‌కి వేళ్ళు అరిగిపోయి, మిషను నన్ను మనిషినని ఒప్పుకోదు. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు, మేడ మీద గదిలో మా బావమరిది.

బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. బుర్ర గలవాడు. ఎంత బుర్రంటే గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి వచ్చేవాడు. పదేళ్ళ కింద ఒక ప్రోగ్రాం రాశాడు. పంపు షెడ్డులో మోటారు ఎప్పుడు వేయాలి, ట్యాంకు నిండాక ఎప్పుడాపాలి, బోరులో నీళ్ళు తగ్గితే ఏం చేయాలి, అన్నీ అదే చూసుకుంటుంది. దాన్ని అమ్ముకోలేదు. ఓపెన్ సోర్స్ అని తలుపు తీసి పెట్టాడు. అంటే ఎవరైనా లోపలికొచ్చి ఎలా రాశాడో చూడొచ్చు, పట్టుకెళ్ళి వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే బాగుచేసి తెచ్చివ్వచ్చు. నూట పద్నాలుగు పంపు షెడ్లు దాని మీదే నడిచేవి. ఆ సంగతి విన్నరోజు వాణ్ణి చూసి గర్వపడ్డాను. అది కూడా నిజమే, నా కూతురు ఏరి పక్కన పెట్టలేదు.

అయితే తలుపు తీసి పెట్టాడు గానీ, లోపల దీపం పెట్టలేదు.

నా కూతురు పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చి, మిగిలిన టైములో రెండేళ్ళుగా ఈ ప్రోగ్రాంకే చాకిరీ చేసింది. ఆ ఎండాకాలం చివర్లో దానికి తాళాలిస్తామన్నారు. తాళాలంటే, ఎవరో తెచ్చిచ్చిన మార్పుని లోపల పెట్టాలా వద్దా అని తేల్చే హక్కు. అప్పటిదాకా అది మా బావమరిది ఒక్కడి చేతిలోనే ఉండేది. ఈ ప్రోగ్రాంకి పెద్దమనుషులు ఐదుగురున్నారు, ఐదు మూలల్లో ఉంటారు. వాళ్ళు చేతులెత్తి తేల్చాలి. నా కూతురు పుట్టి ఇరవై ఏడేళ్ళు, బండి అడగలేదు, బట్టలు అడగలేదు. మనసుపడి అడిగింది ఆ తాళాలే.

ఎండలు మొదలైన కొత్తల్లో ఓ రోజు నలుగురం భోజనానికి కూర్చున్నాం.

"మావయ్యా, ఇదంతా ఒకటే ఫైలు. పదకొండు వేల లైన్లు. ఎక్కడేముందో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది," అంది నా కూతురు.

"నాకు రెండు క్షణాలు చాలు," అన్నాడు వాడు.

"నువ్వు లేనప్పుడో?"

"నేనెక్కడికి పోతాను?"

"వంటిల్లు, పడకగది, స్నానాలగది అన్నీ ఒకటే గదిలో పెట్టావు మావయ్యా. మధ్యలో గోడ లేదు. నీళ్ళు పోసుకుంటుంటే పొయ్యి ఆరిపోతోంది. నేను గదులు కడతాను. ఒక్కో గది తలుపు మీద లోపలేముందో, ఎందుకుందో రాసి పెడదాం."

"రాసుకోవడం గుర్తుండనివాళ్ళ పని."

"నువ్వూ రాశావుగా. పదకొండు వేల లైన్లలో మనుషుల కోసం నువ్వు రాసింది ఒకటే మాట, ఇరవై మూడు చోట్ల. ముట్టుకోవద్దు, అని."

మా ఆవిడకి నవ్వాగలేదు. "చిన్నప్పుడు వాడి పెన్సిళ్ళ డబ్బా మీద కూడా అదే ఉండేది," అంది.

వాడు నవ్వలేదు. కూర గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"పోనీ ఈ ఒక్కటి చెప్పు," అంది నా కూతురు. "మోటారు ఆపాక మళ్ళీ వేసేలోపు ఐదువందల నలభై సెకన్లు ఊరికే ఆగుతోంది. ఎందుకు?"

"ఉండాలి కాబట్టి ఉంది."

"ఎందుకుండాలి?"

"తెలిసినవాళ్ళకి తెలుసు."

నేనక్కడే ఉన్నాను. గోళ్ళలో వార్నిష్ గీక్కుంటున్నాను. ఐదువందల నలభై అన్నమాట ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయింది. నా లెక్కలన్నీ చుట్లల్లో, టీలల్లో ఉంటాయి, సెకన్లతో నాకేం పని? పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకుని కూర్చుంది ఆ ఒక్కపూటే. అదే కొంప ముంచింది.

తర్వాత నెల్లాళ్ళు నా కూతురు గదులు కట్టింది. పన్నెండు గదులు. ఆ ఐదువందల నలభై గురించి, ఇంటర్నెట్లో ప్రోగ్రాం వాళ్ళందరూ చూసే బోర్డు మీద మూడుసార్లు అడిగింది. జవాబు లేదు. కంప్యూటర్లో ఉత్తుత్తి పంపు ఒకటి పెట్టి, ఆగకుండా నడిపి చూసింది. శుభ్రంగా నడిచింది. నడవదా మరి, కంప్యూటర్లో నీళ్ళుండవు కదా. అక్కర్లేనిదనుకుని తీసేసింది. తీసేశానని స్పష్టంగా రాసి, మొత్తం నలభై మార్పులు కట్టగట్టి మేడ మీదకి పంపింది. వాడు తల దువ్వుకునేంతసేపు చూసి, "చూశాను, బాగుంది," అని ముద్ర కొట్టి ఊళ్ళన్నిటికీ వదిలాడు.

పదిరోజులు తిరక్కుండా నా షాపు ముందు మోటార్లు బారులు తీరాయి.

మొదటిది వచ్చిననాడు నేనేమీ అనుకోలేదు. ఎండాకాలం మోటార్లు కాలడం, మామిడిపిందెలు రాలడం మామూలే. మూడోది విప్పేసరికి చేతులాగాయి. లోపలి ఇనప ఇరుసు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉంది. కాలిన వాసన ఎంతంటే, మూడు వీధులవతల కుక్కలు వరసగా తుమ్మాయి. మోటారు తెచ్చిన పంపు మనిషి బల్లమీద కూలబడి తలపట్టుకున్నాడు. వాళ్ళ కాలనీలో నాలుగు రోజులుగా చుక్క నీళ్ళు లేవు. పొద్దున ఇంటి ముందుకొచ్చి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు వాడి గుమ్మం నిండా పేర్చి పోయారట, బయటికి రావాలంటే దూకాల్సొచ్చిందట.

"ఆగిన మోటారుని వెంటనే వేశావా?" అనడిగాను.

"నేనెక్కడ వేశాను మేస్త్రీ, కంప్యూటరే వేసింది."

"మధ్యలో తొమ్మిది నిమిషాలు ఆగేది కదా?"

"కొత్తది పెట్టాక ఆగట్లేదు. నీళ్ళు త్వరగా వస్తున్నాయని జనం మొదట్లో సంబరపడ్డారు కూడా."

నా కూతురు ఆ టైముకి టీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. గ్లాసు పక్కన పెట్టింది.

"నాన్నా, తొమ్మిది నిమిషాలేంటి?"

"బోరులోంచి ట్యాంకుదాకా పైపు నిండా నీళ్ళుంటాయి కదమ్మా. మోటారు ఆగిందంటే అవన్నీ వెనక్కి దిగిపోతాయి. కింద వాల్వు పాతబడిన చోట మరీను. దిగేటప్పుడు పంపుని వెనక్కి తిప్పుతాయి. అది వెనక్కి గిర్రున తిరుగుతుండగా ముందుకి తిరగమని కరెంటిచ్చావనుకో, ఇరుసు మెలితిరగాలి, లేదా తీగ కాలాలి. నీళ్ళు దిగేదాకా ఆగాలి. అంతే."

అది వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. మొహం సున్నం కొట్టినట్టయింది.

"తొమ్మిది అరవైలు," అంది. "నేనే తీసేశాను నాన్నా."

టీ తాగలేదు, ఆఫీసుకి పోలేదు. ఆ గంటలోనే ఆగే లైను మళ్ళీ పెట్టి, అన్ని ఊళ్ళకీ కబురు పంపింది. తప్పు తనదని మొదటి మాటగా రాసింది. అప్పటికే పదకొండు మోటార్లు పోయాయి.

ఇక చూడండి తమాషా. పొరపాటు ఒప్పుకున్నవాడి వీపు అందరికీ మెత్తగా కనిపిస్తుంది. బోర్డు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు దాని మీద పడ్డారు. దాని పక్కన కూర్చుని చదివి వినిపించమన్నాను, వద్దంటే వినలేదు. ఒకడు, ఈ అమ్మాయికి గరిటె ఇవ్వండి, తాళాలు కాదు, అన్నాడు. వాడికి ప్రోగ్రాం ఊరికే వచ్చింది, నా కూతురి రెండేళ్ళు ఊరికే వచ్చాయి, తిట్లు మాత్రం దాచుకోవడమెందుకని తీసినట్టున్నాడు. వాడి ఇల్లెక్కడుందో కనుక్కోమన్నాను. సముద్రం అవతలట. ఈదుకుంటూ పోదామనే అనుకున్నాను, సుత్తి బరువుకి మునుగుతానని ఆగాను.

దాని కింద మా బావమరిది రాసింది చదివింది. అప్పుడు దాని గొంతు మారలేదు, అదే నాకు భయమేసింది. 'అర్థం కాని లైను పీకేయడం చిన్నపిల్లల చేష్ట. ఈవిడకి తాళాలు కాదు, ఇకపై లోపలికి రానివ్వడం కూడా ప్రమాదం. పెద్దలు తేల్చాలి.' ఈవిడట. భుజాల మీద మోసి తిప్పిన మేనకోడలు ఈవిడయింది.

మా మేడకి మెట్లు పదమూడు. ఆ పదమూడు మెట్లు దిగి చెప్పలేకపోయాడు. ప్రపంచమంతా తిప్పి, మళ్ళీ మా ఇంట్లోకే పంపాడు.

మధ్యాహ్నం భోజనానికి దిగాడు. కంచం ముందు కూర్చున్నాడు. నేను చేతులు కూడా కడుక్కోకుండా ఎదురుగా కూర్చున్నాను.

"ముద్ర కొట్టిందెవడ్రా?" అన్నాను.

"బావా, ఇది నీకర్థమయ్యే విషయం కాదు."

"నా షాపులో పదకొండు మోటార్లున్నాయి. నాకు కాక ఎవరికర్థమవుతుంది? ముద్ర కొట్టిందెవడు?"

"నలభై మార్పులు ఒకేసారి పంపితే ఎవడు చూస్తాడు?"

"చూశాను బాగుంది అని రాశావుగా."

నా కూతురు గోడకానుకుని నిలబడింది. "మావయ్యా, మూడుసార్లు అడిగాను. నీళ్ళు వెనక్కి దిగుతాయి అని ఒక్క ముక్క రాసుంటే నేను ముట్టుకునేదాన్ని కాదు," అంది.

"అన్నీ రాస్తూ కూర్చుంటే పనెప్పుడు చేస్తాం?"

"ఆ తొమ్మిది ఎక్కడిది?" అన్నాను. "చెప్పు. నీ బుర్రలో పుట్టిందా?"

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

నాకు నిన్నటిలా గుర్తుంది. పదేళ్ళ కింద, వీడి ప్రోగ్రాం మొదటిసారి పెట్టిన పంపు షెడ్డులో, మొదటిరోజే మోటారు పట్టేసింది. నన్ను పిలిపించాడు. నీళ్ళు దిగేదాకా ఆగాలిరా అన్నాను. ఎంతసేపు అన్నాడు. టీ తాగొచ్చాక వేద్దామన్నాను. పోయి తాగొచ్చాం, వేశాం, నడిచింది. వీడు గడియారం చూసి తొమ్మిది నిమిషాలు అని రాసుకున్నాడు. ఆ రోజు టీకొట్టాయన స్టవ్ మొరాయించి ఆలస్యమైంది గానీ, ఆ బోరుకి ఐదు చాలు. నూట పద్నాలుగు ఊళ్ళు పదేళ్ళు ఆ టీకొట్టు స్టవ్‌ని బట్టి నీళ్ళు తాగాయి.

"మరి రాయడానికేం రోగం?" అన్నాను. "నీళ్ళు దిగాలి, అందుకే ఆగాలి. ఎంత ముక్క అది?"

అప్పుడు మా ఆవిడ, వాడి కంచంలో కూర వడ్డిస్తూ, తలెత్తకుండా అంది, "ఎలా రాస్తాడండీ. రాస్తే ఎవరు చెప్పారో కూడా రాయాలి కదా."

కూర కంచంలో పడిన చప్పుడు వినిపించింది. వాడు లేచి, తినని కంచం తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుని మెట్లెక్కాడు.

నా వార్నిష్ చేతులు బల్లమీద అలాగే ఉన్నాయి. వేలిముద్రగాడు చెప్పాడని నలుగురి ముందు రాయడానికి నామోషీ. అందుకని పదేళ్ళు చీకట్లో పెట్టాడు, ఆ చీకట్లో నా కూతురు కాలు జారితే కాలు విరగ్గొట్టమన్నాడు. అప్పటిదాకా నాకొచ్చింది కోపం కాదు, అసలుది అప్పుడు మొదలైంది.

నాలుగు రోజుల తర్వాత పెద్దమనుషులు తేల్చారు. దాన్ని రానివ్వొద్దని ముగ్గురు చేతులెత్తారు, ఇద్దరెత్తలేదు. నా కూతురికి తలుపు మూసేశారు. అది ల్యాప్‌టాప్ మూసి, రెండురోజులు మొహం గోడకి తిప్పి పడుకుంది. మా ఆవిడ కంచం తీసుకెళ్ళి, అలాగే తీసుకొచ్చేది. మేడ మీదకి తీసుకెళ్ళిన కంచం కూడా అలాగే వచ్చేది. ఇద్దరినీ తిట్టి, చివరికి నన్ను తిట్టింది. "మీ నోరు ఊరందరికీ పనికొస్తుంది, ఆ రోజు ఒక్క మాట అడగడానికి రాలేదా," అంది. ఆ మాటకి నా దగ్గర కోత కూడా లేదు.

మూడోరోజు పొద్దున్నే నా కూతురు షాపులోకొచ్చింది. పదకొండు మోటార్లలో ఆరోదాని మీదున్నాను.

"నాన్నా, వేరుపడుతున్నాను," అంది.

"ఎక్కడికి పోతావే?"

"ఇంట్లోంచి కాదు. ప్రోగ్రాంలోంచి. ఈ పనిలో అది తప్పు కాదు. ఉన్నదంతా ఒక నకలు తీసుకుని వేరు కాపురం పెట్టుకోవచ్చు. మొదట కట్టినవాడి పేరు మాత్రం చెరపకూడదు. పన్నెండు గదులూ నావే. కానీ ప్రతి గదికీ ఎందుకు అనే కాగితం లేకపోతే నేనూ మావయ్యలాగే. నువ్వు కూర్చోవాలి."

"నాకు అక్షరం ముక్క రాదు కదా."

"అందుకే."

పద్ధతి ఇదీ. పొద్దున ఆఫీసుకి పోయేముందు గంటసేపు, నేను తీగ చుడుతుంటే అది ఒక గదిలో ఏముందో చదివి చెప్పేది. నేను తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే కాగితం ఎక్కుతుంది. నేను తికమకపడ్డానంటే తప్పు నాది కాదు, గదిది. పోయి గది మళ్ళీ కట్టుకొచ్చేది. ఒక గది ఐదుసార్లు కట్టింది, పాపం, తాపీమేస్త్రి కూడా అన్నిసార్లు కట్టడు.

"పైపులో నీళ్ళు ఏనుగంత బరువుతో వెనక్కి దిగుతాయి," అనేవాణ్ణి.

"ఎన్ని లీటర్లు?"

"పిల్ల ఏనుగు."

"నాన్నా, లీటర్లు."

"నాలుగొందలు రాసుకో."

"నిజంగా?"

"రెండొందలు."

ఇలా ఏరింది నన్ను. ఏరుతూ ఏరుతూ మధ్యలో ఒకోసారి ఆగి, బోర్డు మీద ఆ గరిటె మాట గుర్తొచ్చి, మళ్ళీ పళ్ళు బిగపట్టి రాసేది. మా ఇద్దరినీ నడిపింది జ్ఞానమనుకునేరు. కోపం. పన్నెండు కాగితాలూ కోపం మీదే అయ్యాయి.

ఈ కొత్తదాన్ని మొదట పెట్టుకున్నవాడు మా పంపు మనిషే. కాగితం చేత్తో పట్టుకుని పైకి చదువుకుంటూ, ఎవర్నీ అడక్కుండా తన బోరుకి ఆరు నిమిషాలు పెట్టుకున్నాడు. మోటారు నడిచింది. వాడి గుమ్మం మీద బిందెలు పోయాయి. వాడి మాట విని ఇంకోడు, వాణ్ణి చూసి మరోడు. తొలకరి చినుకులు పడేసరికి నూట పద్నాలుగులో ముప్ఫై ఒకటి ఇటొచ్చాయి. ఎక్కువేం కాదు. మిగతావి అటే ఉన్నాయి, ఇప్పటికీ చీకట్లోనే.

వాన మొదలైన రోజు బావమరిది దిగాడు. చంకలో కంప్యూటరు పెట్టె, చేతిలో బట్టల సంచీ. వేరే గది చూసుకున్నాడట. వాళ్ళక్కతో వెనకగుమ్మం దగ్గర మాట్లాడి, షాపులోంచి బయటికి పోబోతూ ఆగాడు. నా కూతురి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, తెర మీద మోటారు ఆపడం గురించిన కాగితం. వంగి చదివాడు. పైకే చదివాడు, నా కోసం కాదనుకుంటా.

"ఆపాక ఎందుకాగాలి: పైపులో నీళ్ళు వెనక్కి దిగి పంపుని తిప్పుతాయి. చెప్పినది: మోటార్లు చుట్టే మేస్త్రి, మా నాన్న. మొదట తొమ్మిది నిమిషాలు ఎందుకుండేదంటే, ఆ రోజు టీ ఆలస్యమైంది. ఐదు చాలు."

"టీ సంగతి కూడా రాశావా?" అన్నాడు.

"అదే నిజం కదా మావయ్యా."

"నా పేరు..."

"పైనుంది. మొదటి లైను."

పైకి జరిపి చూశాడు. సంచీ కింద పెట్టాడు. చాలాసేపు నిలబడ్డాడు, నేను స్టూలు జరపలేదు. జరపను కూడా.

"ఐదు అన్ని చోట్లా చాలదు," అన్నాడు చివరికి. "మూడొందల అడుగులు దాటిన బోర్లకి ఎనిమిది కావాలి. రెండుచోట్ల చూశాను."

నా కూతురు ల్యాప్‌టాప్ వాడివైపు తిప్పింది. "అయితే రాయి. ఎక్కడ చూశావో కూడా రాయి."

నిలబడే, ఒక వేలితో, ఒక లైను రాశాడు. నా కూతురు చదివి, "అర్థం కాలేదు, మళ్ళీ రాయి," అంది. మళ్ళీ రాశాడు. సంచీ తీసుకుని వానలో దిగి పోయాడు. నా కోపం ఇంచు కూడా తగ్గలేదు, చెప్తున్నాగా. కానీ ఎనిమిది నిమిషాలు మాత్రం నిజమే, నేను లోపల లెక్కేసి చూసుకున్నాను.

ఆ రోజు వానకి తలదాచుకుందామని షాపులోకొచ్చి, మూల నిలబడి ఇదంతా విన్నాడొకాయన, గొడుగు లేని బాటసారి. మావాడు పోయాక దగ్గరికొచ్చి, "ఇంతకీ ఇది ఊరికే ఇస్తున్నారా?" అనడిగాడు.

"ఊరికేనండి, ఎవరైనా తీసుకోవచ్చు," అంది నా కూతురు.

ఆయన వీధి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు, "అయితే నాకు రెండు పొట్లాలు కట్టివ్వమ్మా, వానకి తడవకుండా. మా బావమరిదికి మాత్రం చెప్పకు."